జీలుగు చెట్టు తప్పేమీ లేదు

ఫోన్ మోగితే ఒక ఇల్లు కాదు, ఊరు మొత్తం లేచి నిలబడే కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో నలుగురికి ఆరు ఫోన్లు. ఏది మోగినా ఎవరూ తీయరు, "నీదేమో చూడు" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఆ కాలంలో పాడేరు కొండల మీద ఊరూరా ఫోన్లు బిగించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతిని నేను చాలాసార్లు చెప్పాను. పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, రైల్లో ఎదుటి సీటువాళ్ళకి చెప్పాను, మా ఆవిడకి పెళ్ళయిన కొత్తల్లో చెప్పాను. విన్నవాళ్ళందరూ నవ్వారు, నన్ను మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకోరా మరి, చెప్పిన ప్రతిసారీ అందులో తెలివైనవాణ్ణి నేనే. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. ఆ సంగతిని ఈ ఒక్కసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. నాకు ఇరవై రెండేళ్ళు. చోడవరం పక్క ఊరి నుంచి ఐటీఐ సర్టిఫికెట్టు, ఒక స్క్రూడ్రైవరు, బోలెడంత గర్వం పట్టుకుని ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి చేరాను. కొండల్లో తీగలు లాగడం కష్టం కాబట్టి తీగలేని ఫోన్లు వచ్చాయి. చూడ్డానికి మామూలు బల్లమీది ఫోనే. కాకపోతే ఇంటి పక్కన పొడుగాటి వెదురు గడ పాతి, దాని కొసన చేప ముల్లులాంటి యాంటెన్నా బిగించి, దాని మొహం టవరు ఉన్న కొండ వైపు తిప్పాలి. పైనుంచి దిగే తీగా, ఇంట్లోకి వెళ్ళే తీగా చూరు దగ్గర కలుస్తాయి. ఆ కలిసే చోటే ఈ విద్యకంతటికీ ప్రాణం. మాకు పని నేర్పిన సీనియర్ అన్న ఆ అతుకు చూపించి, "ఒరే, ఇక్కడ నీటి చుక్క దూరిందంటే దేవుడు దిగొచ్చినా మాట వినబడదు. ముందు టేపు, దాని మీద ఈ నల్ల ముద్ద, దాని మీద మళ్ళీ టేపు" అని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నేను కిటికీలోంచి సంత చూస్తున్నాను. నాకు గుర్తున్నది ముద్ద ఒక్కటే. అది ఎంత బాగా అతుక్కుంటుందో చూసి, పాడేరు అద్దెగదిలో నా మంచం మీద కారుతున్న రేకు చిల్లు గుర్తొచ్చింది. నాకిచ్చిన ముద్దంతా ఆ చిల్లుకి పట్టించేశాను. ఆ వానాకాలం నా మంచం తడవలేదు. (నా మీద పడాల్సిన నీళ్ళు ఎక్కడికి పోయాయో కాసేపట్లో మీకే తెలుస్తుంది.)

హుకుంపేట దాటి జీపు దిగి, ఒక గెడ్డ (కొండవాగు) దాటి, గంటసేపు ఎక్కితే పాతిక గడపల ఊరొకటి ఉంది. ఆ ఊరికి మంజూరైన ఒకే ఒక్క ఫోను ఒక పెద్దాయన ఇంట్లో పెట్టాలని ఊరంతా తీర్మానించింది. ఆయనకి అందరికంటే ఎక్కువ అవసరం ఉంది. ఆయన ఒక్కగానొక్క కూతురు విశాఖపట్నంలో నర్సు ట్రైనింగులో చేరింది. ఆ ఊరి నుంచి అంత దూరం చదువుకి వెళ్ళిన మొదటి ఆడపిల్ల. కానీ ఆ పిల్లకి అక్కడ నిద్ర పట్టడం లేదు, కూడు సయించడం లేదు. సెలవుకి వచ్చి తిరిగి వెళ్ళనని మొరాయిస్తే, "వారం వారం మాట్లాడుకుందాం, ఊరికి ఫోనొస్తంది" అని ఆశపెట్టి తండ్రి బస్సెక్కించాడు. హాస్టలు వాళ్ళు ఆదివారం పొద్దున్న ఎనిమిది నుంచి తొమ్మిది దాకా బయటికి వదులుతారు. ఆ గంటలో ఎదుటి ఎస్టీడీ బూతు నుంచి ఆ పిల్ల ఫోన్ చేయాలి. మాట వినబడితే చదువు సాగుతుంది, లేకపోతే బస్సెక్కి వచ్చేస్తుంది. నేను బిగించబోయేది ఫోను కాదు, ఆ పిల్ల చదువు. ఆ సంగతి అప్పుడు నాకు తప్ప అందరికీ తెలుసు.

పెద్దాయనని నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. (మా నాన్న వయసు మనిషిని నువ్వు అని పిలిచేవాణ్ణి. కింద మా ఊళ్ళో ఆ వయసు వాళ్ళనెవరినీ అలా పిలిచే ధైర్యం నాకు లేదు. అది కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.) ఆయన ఇంటి ముందు, గట్టు మీద, తాటిచెట్టులా కల్లిచ్చే జీలుగు చెట్టు ఒకటి ఉండేది. అంత ఎత్తు జీలుగుని నేను మళ్ళీ చూడలేదు. పొద్దున్నా సాయంత్రం గణుపుల వెదురు గడ నిచ్చెనగా ఎక్కి ఆయన కుండ దించేవాడు. కల్లు తీసిన కుండ ఇంట్లోకి పోదు. ముందు చెట్టు మొదట్లో రెండు చుక్కలు పోసి, తర్వాత గట్టు మీద కూర్చున్న వాళ్ళకి వరసగా ఆకు దొప్పల్లో పోయడం అక్కడి పద్ధతి. తగువులు తీరడం, పెళ్ళిమాటలు, పొలం పనులకి మనుషుల్ని పిలుచుకోవడం అన్నీ ఆ గట్టు మీదే. చెట్టు ఆయన తండ్రి చేతిది. జీలుగు కల్లుకి రావాలంటే పదేళ్ళు పైన ఆగాలి, అందుకని తాత నాటితే మనవడు తాగుతాడని ఆయన నవ్వుతూ చెప్పేవాడు.

ఫోను మధ్యాహ్నం బిగించాను. ముద్ద లేదు కదా, ఒక్క చుట్టు టేపు వేసి సరిపెట్టాను. పాడేరుకి ఫోన్ చేసి చూపిస్తే ఖంగుమని మాట వచ్చింది. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజే నాకు గాలి బాబు అని పేరు పెట్టారు, తీగలేకుండా గాలిలో మాటలు తెప్పించాను కాబట్టి. ఆ పేరు నాకు ఎంత అతికినట్టు సరిపోయిందో నాకప్పుడు తెలియదు.

ఆదివారం పొద్దున్న పిల్ల ఫోన్ చేసింది. "అమ్మా" అన్న ముక్క వచ్చింది, తర్వాత నూనెలో ఆవాలు వేసిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు. సోమవారం జీపు డ్రైవరుతో కబురొచ్చింది. నేను మధ్యాహ్నానికి చేరేసరికి ఎండ కాస్తోంది, ఫోను బంగారంలా పనిచేస్తోంది. దాంతో నాకు తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. తప్పు వాళ్ళలో ఉంది. ఆ దంపతుల్ని పీటల మీద కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పాను. రిసీవరు ఇలా పట్టుకోవాలి, నోటికి నాలుగు వేళ్ళ దూరం ఉండాలి, అరవకూడదు, పొయ్యి పొగ తగలకూడదు. అత్త (పెద్దాయన భార్యని అలా పిలిచేవాణ్ణి) అంతా విని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంది:

"నువ్వొచ్చినప్పుడు బానే పలుకుతాది బావూ. నువ్వెల్లిపోతే నోరు పడిపోతాది. నువ్వంటే దానికి బయ్యం కాబోలు."

"భయం కాదు అత్తా, మీకు వాడడం రావట్లేదు."

"అదేటో గానీ, మంచు పట్టిన పొద్దునే పలకదు. సూరు కాడ ఆ తాడు సివర నుంచి నీల్లు కారతన్నాయి, నాను సూసినాను."

ఈ మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. సీనియర్ అన్న మూడుసార్లు చెప్పిందే, ఫోను అంతకు ముందెన్నడూ చూడని మనిషి నాలుగో సారి చెప్పింది. నేను నవ్వాను. "అత్తా, ఇది నీళ్ళ గొట్టం కాదు, సిగ్నలు తీగ" అన్నాను. సిగ్నలు అనే మాట అంటే అవతలివాళ్ళు ఇంకేమీ అడగరని అప్పటికే కనిపెట్టాను.

తర్వాత రెండు ఆదివారాలు ఫోను బ్రహ్మాండంగా పలికింది. నా పాఠం పనిచేసిందని పాడేరులో అందరికీ చెప్పుకున్నాను. మూడో వారం పక్క ఊళ్ళో పనుండి అటు వెళ్తూ, పొగడ్తలు అందుకుందామని ఆగాను. గట్టు మీద పది మంది ఉన్నారు. చూరు వైపు చూద్దును కదా, నా అతుకు మీద ఏదో వేలాడుతోంది. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు రెండు, ఒకదాని మీద ఒకటి పుల్లలతో కుట్టి, నారతో గట్టిగా కట్టి ఉన్నాయి. నాకు నవ్వు ఆగలేదు.

"ఏమిటిది మావా? ఫోనుకి దిష్టి కట్టారా?" అన్నాను అందరికీ వినబడేలా. "కోడిని కూడా కోశారా ఏమిటి దీనికి?"

గట్టు మీద వాళ్ళు నవ్వారు. వాళ్ళు దేనికి నవ్వారో గానీ, నా తెలివికే అనుకుని ఇంకా రెచ్చిపోయాను. "ఇది సైన్సు. ఇలాంటివి కడితే సిగ్నలు పాడవుతుంది" అని ఆ ఆకులు పీకి గెడ్డ వైపు విసిరేశాను. అత్త గుమ్మంలోంచి ఏదో అంది. నవ్వుల్లో సగమే వినబడింది. "దిట్టి కాదు బావూ, గిడుగు..." (గిడుగంటే వానలో పొలం పని చేసేటప్పుడు అక్కడి వాళ్ళు తల మీద నుంచి వీపు దాకా వేసుకునే ఆకు గొడుగు.) ఫోనుకి గిడుగేమిటని ఇంకోసారి నవ్వి, దొప్పెడు కల్లు తాగి, దిగి వచ్చేశాను.

ఆ ఆదివారం ఫోను మళ్ళీ మూగబోయింది. ఆ పై ఆదివారం కూడా. రెండోసారి మాత్రం ఆవాల చప్పుడు మధ్యలోంచి పిల్ల ఏడుపు గొంతు కాస్త దూరి వచ్చింది: "నాన్నా, మీ మాట ఇనపడ్నేదు. వచ్చే ఆదివారం కూడా ఇనపడకపోతే నాను బస్సెక్కి వచ్చేత్తాను."

ఈసారి కబురు రాలేదు, పెద్దాయనే వచ్చాడు. మా గది అరుగు మీద కూర్చున్నాడు, నేను అన్నం తినేదాకా ఆగాడు. తర్వాత, "బాబూ, బేగి ఏదొకటి సెయ్యి. గుంట వచ్చేత్తే మల్లీ ఎల్లదు. నాకు తెలుసు దాని సంగతి" అన్నాడు. (గుంటంటే అక్కడ ఆడపిల్ల.)

ఆయన వెంటే ఎక్కాను. మళ్ళీ మధ్యాహ్నం, మళ్ళీ ఎండ, మళ్ళీ ఫోను శుభ్రంగా పలుకుతోంది. లోపం దొరకలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఊరంతా చుట్టూ నిలబడి గాలి బాబు ఏం చెబుతాడా అని చూస్తోంది. యాంటెన్నా పక్కన నిలబడి, ఒక కన్ను మూసి, టవరు కొండ వైపు చూశాను. సూటిగా మధ్యలో జీలుగు చెట్టు, తోకలా వేలాడే ఆకులతో. పొద్దున్న మంచుకి ఆకులు తడుస్తాయి, తడిసిన ఆకులు సిగ్నలుని తాగేస్తాయి, ఎండెక్కితే ఆరిపోతాయి! నా సిద్ధాంతం నాకే ఎంత నచ్చిందంటే, అది నిజం కాకపోవచ్చన్న అనుమానం రానేలేదు.

"చెట్టు అడ్డం మావా" అన్నాను.

గట్టు మీద ఒక్కసారిగా గొడవ లేచింది. "ఏటి బాబూ, నిన్న మొన్నటిదా ఆ సెట్టు?" అని ఒకరు, "గాలికి సెట్టు అడ్డమేటి, పక్క నుంచి రానేదా గాలి?" అని ఒకరు. (ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండో ఆయనే ఇంజనీరు కావాల్సింది.) యాంటెన్నాని నాలుగు బారలు పక్కకి జరిపి చూడొచ్చు కదా అని నాకూ తట్టింది. కానీ అలా చేస్తే ముందే ఎందుకు జరపలేదని అడుగుతారు. పెద్దాయన చెయ్యెత్తి అందరినీ ఆపి, నన్ను ఒక్కటే అడిగాడు.

"కొట్టేత్తే గుంట మాట ఇనపడతాదా బాబూ?"

"గ్యారంటీ మావా."

అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు వెనక్కి లాక్కుందామనుకున్నానో.

ఆయన చెట్టెక్కాడు. కుండ దించాడు. ఎప్పటిలాగే మొదట్లో రెండు చుక్కలు పోశాడు, మిగిలింది అందరికీ వరసగా పోశాడు, నాకు కూడా. తర్వాత గొడ్డలి తానే పట్టాడు, ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. చెట్టు పొద్దు వాలేసరికి ఒరిగింది. "సెట్టు మల్లీ మొలుత్తాది లెండి" అన్నాడు ఆయన, ఎవరూ అడక్కుండానే. ఆ ఆదివారం పొద్దున్న నా విజయం కళ్ళారా చూద్దామని శనివారమే అక్కడికి చేరి పాఠశాల గదిలో పడుకున్నాను.

ఆదివారం తెల్లారేసరికి చేయి చాపితే చేయి కనబడని మంచు. ఎనిమిదింటికి ముందే ఊరంతా ఇంటి ముందు ఉంది. ఫోను మోగింది. పెద్దాయన నేను నేర్పినట్టే, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకున్నాడు. "అమ్మా" అన్నాడు. ఆవాలు చిటపటలాడాయి. అంతే.

నేను ఉండగా ఫోను చావడం అదే మొదటిసారి. పెద్దాయన నా వైపు చూడలేదు, గుమ్మంలోంచి జీలుగు మొద్దు వైపు చూశాడు. అప్పుడు అత్త వచ్చి, చిన్న పిల్లాణ్ణి పట్టుకున్నట్టు నా చొక్కా చేయి పట్టుకుని, ఇంటి పక్కకి చూరు కిందకి లాక్కుపోయింది. అతుకు కింద అరచేయి పట్టింది. ఒక చుక్క పడింది. కాసేపాగి ఇంకో చుక్క.

టేపు విప్పాను. లోపల నీళ్ళు, రాగి తీగకి ఆకుపచ్చ చిలుము. చిలుము పట్టిన ముక్క కోసి పారేసి, తీగ ఒలిచి, తుడిచి, కొత్తగా బిగించడానికి పది నిమిషాలు పట్టింది. పది నిమిషాల పని. టేపు చుట్టాను, ముద్ద కోసం సంచీలో చేయి పెట్టాను, అది పాడేరులో నా మంచం మీద ఉందని గుర్తొచ్చింది. తలెత్తేసరికి అత్త రెండు అడ్డాకులు పట్టుకుని నిలబడి ఉంది. నేను పక్కకి తప్పుకున్నాను. ఆవిడే కట్టింది.

తొమ్మిదికి ఇంకా పావుగంట ఉందనగా ఫోను మళ్ళీ మోగింది. ఈసారి వాకిట్లో ఉన్నవాళ్ళకి కూడా వినబడింది ఆ పిల్ల గొంతు: "నాన్నా! ఇనపడతంది! పక్కనుండి మాటాడినట్టుంది!" పెద్దాయన నా పాఠమంతా మరిచిపోయి కొండ దద్దరిల్లేలా అరిచాడు, "తిన్నావా అమ్మా?" అని. ఊరంతా అరిచింది. "సెట్టు కొట్టడం మంచిదైపోనాది" అన్నారు ఎవరో. ఇందాక ఏమైందని పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. ఊరంతా నా నోటి వైపు చూసింది.

"చెట్టు పోయింది కదా మావా, సిగ్నలుకి కొత్త దారి అలవాటు పడాలి. కాస్త సమయం పట్టింది" అన్నాను.

అత్త నన్ను చూసింది. చూసి, లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది. నాకోసం కోడి కూర వండడానికి.

ఆ ఫోను మళ్ళీ చెడలేదు. పిల్ల చదువు పూర్తిచేసి నర్సయింది. పెద్దాయన సంతకి వచ్చిన ప్రతిసారీ మా గదికి పనసకాయో, పిప్పళ్ళో, రాజ్‌మా గింజలో తెచ్చేవాడు. ఎవరు కనబడితే వాళ్ళకి, "ఈ బాబు సెట్టు అడ్డమని సూసి సెప్పబట్టి మా గుంట నిలబడింది" అని చూపించేవాడు. ఆ పనసకాయలు నేను తిన్నాను. (తీయగానే ఉండేవి, అదొక బాధ.) ఒకసారి తెగించి, "మావా, ఆ చెట్టు సంగతి నీకొకటి చెప్పాలి" అన్నాను. ఆయన నా భుజం తట్టి, "ఎందుకు బాబూ దాని ఊసు, అది సేసిన పున్నెమే కదా" అన్నాడు. నా తెగింపు అక్కడితో సరి. ఆ మరుసటి ఏడాది నేను కొండ దిగి వేరే పనిలో చేరాను. ఆయన పోయిన సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. అత్త ఆయనకి నిజం చెప్పిందో లేదో నాకు తెలియదు. చెప్పి ఉండదనే అనుకుంటాను. నా పరువు కోసం కాదు, కొట్టేసిన చెట్టు ఊరికే పోయిందని ఆయనకి తెలియకూడదని.

మొన్న మా ఇంట్లో వైఫై పడుకుంది. మా ఆవిడ మాట్లాడుతుంటే అవతలివాళ్ళకి నీళ్ళలోంచి మాట్లాడినట్టు ఉందట. కంపెనీ నుంచి వచ్చిన యువకుడు డాబా ఎక్కి, మా యాంటెన్నా పక్కన నిలబడి, ఒక కన్ను మూసి, పక్కింటి వేపచెట్టు వైపు చూశాడు.

"అంకుల్, చెట్టు అడ్డం. కొమ్మలు కొట్టిస్తే..."

"ముందు ఆ అతుకు విప్పి చూడు నాయనా" అన్నాను.

విప్పాడు. నీళ్ళు. నా వైపు వింతగా చూసి, "మీరు ఈ పని చేసేవారా అంకుల్?" అన్నాడు. కొన్నాళ్ళు చేశానని, సరిగ్గా చేయలేదని చెప్పాను. కుర్రవాడు నాలాంటివాడు కాదు, సంచీలోంచి నల్ల ముద్ద తీసి చక్కగా పట్టించి వెళ్ళాడు. అయినా నాకు మనసు ఆగలేదు. స్టూలు వేసుకుని, టిఫిన్ల కొట్టు నుంచి తెచ్చిన రెండు అడ్డాకులు పుల్లతో కుట్టి, ఆ అతుకు మీద కట్టాను. కుట్టు వంకరగా వచ్చింది, అత్త చేతి పనిలా ఏమీ లేదు.

పక్కింటాయన పిట్టగోడ మీంచి తొంగి చూసి నవ్వాడు. "ఏటండీ మేస్టారూ, వైఫైకి దిష్టి కట్టేత్తన్నారేటి?"

నాకూ నవ్వొచ్చింది. స్టూలు మీద అలాగే నిలబడి చెప్పాను.

"దిష్టి కాదండీ. గిడుగు."